ఎడమకు తిరిగిన మెట్లు

సోమవారం

ప్రియమైన బావకు,

నీ ఫోన్లు చూశాను. ఎత్తలేదు. ఫోనులో నా గొంతు నా మాట వినడం లేదు. కాగితం వింటుంది. అందుకే రాస్తున్నాను. నువ్వూ రాయి.

ఇల్లు బాగుంది. ఎక్కడివక్కడ ఉన్నాయి. వంట నేనే చేసుకుంటున్నాను. ఉప్పు కొలిచి వేస్తున్నాను. మీ చెల్లి బట్టలు బీరువాలోనే ఉన్నాయి. వాటికి తొందరేమీ లేదు.

నది మీద నడక వంతెన పని సగానికి వచ్చింది. అటు బస్టాండు, ఇటు కాలేజీ వీధి. కాలేజీ తెరిచేలోగా జనం దాని మీద నడవాలి. మొన్న చీఫ్ పిలిచాడు.

"కొన్నాళ్లు సెలవు తీసుకోండి. వంతెన సంగతి మీ డిప్యూటీ చూసుకుంటుంది."

"చూసుకోగలదు. ఆమె కంటే నేను బాగా చూసుకోగలను."

"అది కాదండీ. టీమ్ మీ ధాటికి తట్టుకోలేకపోతోంది. ఇదివరకు కూడా ఉండేదనుకోండి. మేడమ్ పోయాక మరీ..."

"మరీ?"

చీఫ్ టీ కప్పులోకి చూశాడు. అందులో సమాధానం దొరికినట్టు లేదు. నేను లేచి వచ్చేశాను.

నా పద్ధతి నీకు తెలుసు. నేను చూడని కాగితం ఆఫీసు గడప దాటదు. నేను సంతకం చేశాక, నేను దిద్దింది తప్ప ఆ కాగితంలో ఇంకేదీ ఎవరూ ముట్టుకోరు. ఇన్నేళ్లుగా నేను కట్టినవన్నీ నిలబడి ఉన్నాయి. చీఫ్ కూడా కాదనలేడు.

ఈ వంతెన నేను వదలను. పొద్దున్నే లేచి వెళ్లడానికి ఇప్పుడు నాకున్నది అదొక్కటే. ఏడుస్తూ రాస్తున్నాననుకోకు. ఉన్న సంగతి రాశాను.

ఆరోగ్యం జాగ్రత్త.
ఇట్లు,
బావ


శనివారం

ప్రియమైన స్కేలు బావా,

కాలేజీలో నీకు పెట్టిన పేరుతో పిలుస్తున్నానని కోపం తెచ్చుకోకు. ఉప్పు కొలిచి వేసేవాణ్ణి ఇంకేమని పిలవను? చెల్లాయి ఈ మాట విని ఉంటే పొయ్యి కట్టేసి, కూర్చుని మరీ నవ్వేది.

హాస్టలు గదిలో మన మంచాల మధ్య సుద్దముక్కతో గీత గీశావు, గుర్తుందా? నా చెప్పులు ఆ గీత దాటాయని కిటికీలోంచి విసిరేశావు. వీడికి పిల్లనిచ్చే వెర్రివాడు ఇంకా పుట్టలేదని ఆరోజే అనుకున్నాను. తీరా చూస్తే ఆ వెర్రివాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు! "వాడు పొద్దున లేస్తే నిన్ను కూడా కొలుస్తాడే" అని చెల్లాయికి చెప్పాను. "కొలవనీ అన్నయ్యా, కొలిచే చేతికి పని చూపిస్తే సరిపోతుంది" అంది. అప్పుడు నాకు అర్థం కాలేదు.

ఈ వారం మా ఆసుపత్రికి ఒక గుర్రాన్ని తీసుకొచ్చారు. నోటి పక్కన పుండు. ఆ యజమాని మహా జాగ్రత్తపరుడు, కళ్లెం ఒక్క క్షణం కూడా సడలించడట. మందు రాసి, "దీని నోటికి రోగం లేదు నాయనా, నీ పిడికిలికి ఉంది" అన్నాను. ఫీజు ఇవ్వకుండా వెళ్లిపోయాడు. ఈ కథ నీకెందుకు చెబుతున్నానో నేను చెప్పను.

సెలవు తీసుకుని ఇక్కడికి రా. కుక్కలూ పిల్లులూ గుర్రాలూ ఉన్నాయి. ఒక్కటీ నీ మాట వినదు. నీకు మంచిది.

నువ్వు నాకు బావవే కావచ్చు, కానీ ఆమె నాకు చెల్లెలు. నాకూ ఈ మధ్య అన్నం సహించడం లేదు. ఇద్దరం కలిసి తినలేకపోదాం, రా.

నీ
పశువుల డాక్టరు


బుధవారం

ప్రియమైన బావకు,

గుర్రం సంగతి అర్థమైంది. వంతెన గుర్రం కాదు. దానికి నొప్పి తెలియదు. వదిలేస్తే పడిపోతుంది.

రాలేను. మెట్ల డ్రాయింగు నడుస్తోంది.

వంతెన చివర కుడికి తిరిగితే కాలేజీ వీధి. ఎడమకు తిరిగితే పాత గోదాము గోడ. మెట్లు కుడికి తిరిగి వీధిలోకి దిగాలి. చిన్న పనిలా కనిపిస్తుంది. వంతెన మొత్తం మీద ముసలివాళ్లు పడేది మెట్ల మీదే. అందుకని డిప్యూటీ చేత మళ్లీ మళ్లీ గీయించాను.

"సార్, మెట్టు అంచు గుండ్రంగా ఉంటే అందంగా ఉంటుంది."

"ఉంటుంది. వానలో జారేవాడికి అందం కనిపిస్తుందా?"

"గరుకు పట్టీ వేస్తాం కదా సార్."

"పట్టీ అరిగిపోయాక?"

"అప్పటికి నేను రిటైరైపోతాను సార్."

తాతగారు నవ్వాడు. డ్రాయింగులు గీసే పెద్దాయన, ఆఫీసులో అందరూ తాతగారనే అంటారు. నేను నవ్వలేదు. కానీ జవాబు బాగానే ఉంది. ఈ అమ్మాయికి పని వచ్చు. ఆ మాట ఆమెతో అనను. అంటే అక్కడితో ఆగిపోతుంది.

నిన్న ఆఖరి కాగితం నా బల్ల మీదికి వచ్చింది. ఎప్పటిలాగే ఒక తప్పు దొరికింది. పట్టుకునే కమ్మీ గొట్టం మందం తక్కువ వేశారు. ఎర్ర పెన్నుతో దిద్దాను. సంతకం చేశాను. తాతగారు ఆ ఒక్కటీ సరిచేసి, ఇనుప మెట్లు తయారుచేసే కార్ఖానాకు పంపించాడు.

పని నా చేతిలోనే ఉంది. దిగులు పడకు. అన్నం తిను.

ఇట్లు,
బావ


ఆదివారం

ప్రియమైన బావా,

తింటున్నాను. నువ్వు చెప్పావని కాదు, ఆకలేసి.

మొన్న మీ డిప్యూటీ నాకు ఫోను చేసింది. "సార్ భోంచేస్తున్నారో లేదో మేం అడిగితే అరుస్తారు, మీరు కనుక్కోండి" అంది. మీ ఆఫీసువాళ్లకు చెల్లాయి ఎంత దగ్గరో నీకు తెలియదు బావా. నువ్వు సైట్లో ఉన్నప్పుడు వాళ్లు మీ ఇంటికి వచ్చి కూర్చునేవాళ్లు. నీ మీద చాడీలు చెప్పేవాళ్లు. చెల్లాయి కాఫీ ఇచ్చి, ఇంకా నాలుగు కలిపి పంపేది.

నీకు చెప్పాల్సిన మాట ఒకటి నా దగ్గర ఉంది. నవ్వుకునే మాటే. కాగితం మీద పెడితే నవ్వు పోతుందేమోనని ఆగాను. నువ్వు వస్తే చెబుతాను.

ఆ అమ్మాయి మీద మాత్రం అరవకు.

నీ
పశువుల డాక్టరు


శుక్రవారం

ప్రియమైన బావకు,

మెట్లు వచ్చాయి. తప్పుగా వచ్చాయి.

లారీలోంచి దించి స్తంభం పక్కన పెట్టారు. కార్ఖానా ఫోర్‌మన్ వాటి చుట్టూ తిరిగాడు. బుర్ర గోక్కున్నాడు. "సార్, ఎటు నుంచి చూసినా గోడలోకే దిగుతున్నాయి" అన్నాడు.

"తిరగేసి చూస్తున్నావు."

"నేను సరిగ్గానే నిలబడ్డాను సార్. మెట్లే నిలబడలేదు."

సంచీతో వెళ్తున్న ఒక పెద్దావిడ ఆగింది. "గోదాములోకా నాయనా ఈ మెట్లు? లోపలేమైనా ఊరికే పంచుతున్నారా?" అంది. ఎవరూ నవ్వలేదు. ఆవిడ గోడకేసి ఒకసారి ఆశగా చూసి వెళ్లిపోయింది.

డ్రాయింగు తెప్పించి విప్పాను. కార్ఖానా వాళ్ల తప్పు లేదు. బొమ్మలో మెట్లు ఎడమకే తిరిగి ఉన్నాయి. కింద నా సంతకం. పక్కన నా ఎర్ర పెన్ను దిద్దుబాటు, గొట్టం మందానిది. నా ఉద్యోగంలో ఇలాంటిది ఇదే మొదటిసారి.

డిప్యూటీ ముఖంలో నెత్తురు లేదు. "సార్..." అంది. నేను అరవలేదు. నువ్వు చెప్పావని కాదు.

వచ్చే గురువారానికి చీఫ్ మీటింగు పెట్టాడు. వంతెన నా దగ్గర్నుంచి తీసుకోవడానికి ఆయనకు కారణం కావాలి. ఇప్పుడు ఇనుముతో చేసిన కారణం దొరికింది, మనిషి ఎక్కి కూర్చోవచ్చు. ఇవ్వను. కొత్త మెట్లు ఎలా చేయించాలో నాకు తెలుసు. ఈసరికే కార్ఖానాకు చెప్పాను.

ఇట్లు,
బావ


ఆదివారం

బావా, నా ప్రాణమా,

చెప్పు, రమ్మంటే ఇప్పుడే బస్సెక్కుతాను.

ఇచ్చేసెయ్ ఆ వంతెన. నీ పేరు మీద ఇన్ని వంతెనలుండగా ఇదొక్కటి పోతే నువ్వేమీ సన్నబడవు. ఇన్నాళ్లూ ఒక్క తప్పు చేయలేదని మురిసిపోయావు. తప్పు చేసినవాడు ఎలా ఉంటాడో నన్ను చూడు. రెండు పూటలా తిని, పడుకుని, హాయిగా ఉన్నాను.

నాకు ఒక భయముంది. ఆ మీటింగులో నీకు ఏదో తెలుస్తుంది. అది విన్నప్పుడు ఎవర్నీ ఏమీ అనకు. నాకు రాయి, తిట్టాలంటే నన్ను తిట్టు. అందులో నాకూ వాటా ఉంది.

నీ
పశువుల డాక్టరు


శుక్రవారం

ప్రియమైన బావకు,

జరిగింది జరిగినట్టు రాస్తాను.

చీఫ్ డ్రాయింగు బల్ల మీద పరిచాడు. "ఈ సంతకం మీదేనా?"

"నాదే. దానికి జవాబుదారీ కూడా నేనే. కొత్త మెట్లు..."

"ఒక్క నిమిషం సార్." డిప్యూటీ లేచింది. చేతులు బల్ల మీద ఆనించింది. "ఆ మెట్లు ఎడమకు తిప్పింది నేను. కావాలనే తిప్పాను."

"కావాలనా?" అన్నాడు చీఫ్.

"సార్ కోసం ప్రతి డ్రాయింగులో ఒక తప్పు పెడతామండీ. పెద్దది, ఇట్టే కనిపించేది. సార్ దాన్ని పట్టుకుంటారు. పావుగంట తిడతారు. తర్వాత మిగతాదంతా బాగుందంటారు. ఏమీ పెట్టకపోతే బాగున్నవన్నీ మార్చేస్తారు."

"ఎప్పట్నించి?"

తాతగారు గొంతు సవరించుకున్నాడు. "చాలా ఏళ్లుగానండీ. ఓసారి నేను మూడో అంతస్తులో వీధి వైపు తలుపు పెట్టాను. బాల్కనీ లేదు. తెరిస్తే గాలే. సార్ ఆరోజు ఎంత సంతోషంగా ఉన్నారనుకున్నారు! అందరికీ టీ తెప్పించారు."

చీఫ్ దగ్గాడు. నవ్వుకు దగ్గు తొడిగాడు.

"సార్‌కు దొరక్కుండా పోవడం ఇదే మొదటిసారి" అంది డిప్యూటీ. "నేను ఆ రోజు సైట్లో ఉన్నాను. సార్ సంతకమయ్యాక కాగితం నేను చూడలేదు. ఎవరూ చూడకూడదు కదా, రూలు. సార్ దిద్దే ఉంటారనుకున్నాను. తప్పు నాదండీ."

"ఈ తెలివి ఎవరిది?"

ఆమె నాకేసి చూసింది. తర్వాత, "మేడమ్‌ది" అంది. "చేరిన కొత్తలో ఉద్యోగం మానేస్తానని సార్ వాళ్లింట్లో ఏడిచాను. మేడమ్ నా చేతిలో కాఫీ పెట్టి, 'ఆయన్ని మార్చలేవమ్మా, నేనే మార్చలేకపోయాను. ఆయన కోసం ఒక తప్పు అట్టేపెట్టు. దాన్ని దిద్దుకుని నీ జోలికి రారు' అన్నారు."

నేను డ్రాయింగు చుట్టి పట్టుకుని బయటికి వచ్చేశాను.

తర్వాత చీఫ్ గదికి పిలిచి చెప్పాడు. ఇద్దరిలో ఒకరు ఈ పని మీద ఉండకూడదు. నేను ఉంటానంటే ఆమె మీద చర్య తీసుకుంటారు. ఆమె ఉండాలంటే నేను తప్పుకోవాలి. ఉండేవాళ్ల పేరు నన్నే రాసిమ్మన్నాడు. సోమవారంలోగా.

నీకు తెలుసా, తెలియదా? అంతవరకే రాయి.

బావ


ఆదివారం

ప్రియమైన బావా,

తెలుసు.

అంతవరకే రాయమన్నావు కానీ ఆగలేను. ఎప్పుడూ నీ మాట విన్నవాణ్ణి కాదు.

మీ పెళ్లయిన కొత్తలో మీ ఇంటికొచ్చాను. నువ్వు ఆఫీసు నుంచి వచ్చే వేళైంది. చెల్లాయి వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి, ముందు గది పరదాకున్న కొక్కేల్లో ఒకటి ఊడదీసింది. "అదేమిటే?" అన్నాను. "ష్, చూస్తూ ఉండు" అంది. నువ్వొచ్చావు. గుమ్మంలోనే ఆగి గదంతా ఒకసారి చూశావు. చెప్పులు కూడా విప్పకుండా వెళ్లి ఆ కొక్కెం తగిలించావు. అప్పుడు నీ భుజాలు కిందికి దిగాయి. "ఏం బావా, ఎప్పుడొచ్చావు?" అన్నావు. అప్పటిదాకా నేను నీకు కనిపించలేదు! చెల్లాయి పమిట నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పారిపోయింది.

ఒకరోజు కొక్కెం, ఒకరోజు వంకర పటం, ఒకరోజు ఆగిన గడియారం. "అది దిద్దుకుంటే ఆ రోజుకి ఆయన నా మనిషి" అనేది. ఎగతాళిగా అనలేదు బావా. ప్రమాణం చేసి చెబుతాను. నిన్ను మోసం చేస్తున్నానని ఆమె అనుకోలేదు, నేనూ అనుకోలేదు. ఇప్పుడు నువ్వు అనుకుంటే నేను కాదనలేను.

సోమవారం ఎవరి పేరు రాసిస్తావో నేను అడగను. నువ్వు రాసేసరికి నా ఉత్తరం అందదు కూడా. ఏం రాసినా నా ఇంటి తలుపు తీసే ఉంటుంది.

నీ
పశువుల డాక్టరు


గురువారం

ప్రియమైన బావకు,

జవాబు ఆలస్యమైంది. పని ఉండింది. ఇప్పుడు అయిపోయింది.

ముందు నీ భయం తీరుస్తాను. నాకు తెలుసు. పరదా కొక్కెం సంగతి పెళ్లయిన మొదటి ఏడే తెలుసు. కొక్కేలు వాటంతటవి ఊడవు బావా, నేను ఇంజనీరును. పైగా రోజుకొకటి. తగిలించి వెనక్కి తిరిగేసరికి మీ చెల్లి నవ్వు ఆపుకుంటూ నిలబడేది. అది చూడటానికే తగిలించేవాణ్ణి. ఒకరోజు ఆమెకు జ్వరం వచ్చి కొక్కెం ఊడదీయలేదు. నేనే ఊడదీసి, తగిలించి, ఆమెకు చూపించాను. అప్పుడు ఆమెకూ తెలిసింది. ఇద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. నీకు ఆ సగం చెప్పలేదంటే, అది మా ఇద్దరిదే అనుకుని ఉంటుంది.

ఆఫీసు సంగతీ తెలుసు. మూడో అంతస్తులో గాలిలోకి తెరుచుకునే తలుపు తాతగారి బుర్రలో పుట్టదు. అది మీ చెల్లి హాస్యం. చూడగానే పోల్చుకున్నాను. అందుకే ఆరోజు అందరికీ టీ తెప్పించాను.

ఇప్పుడు మెట్ల సంగతి. ఆ కాగితంలో నాకు గొట్టం మందం దొరికింది. వాళ్లు పెట్టింది అదేననుకున్నాను. దిద్దాను, మనసు తేలికపడింది, సంతకం చేశాను. కానీ అది తాతగారు నిజంగా చేసిన పొరపాటు. పెట్టిన తప్పు కళ్లెదుటే ఉంది, వెతకడం మానేశాను. ఒక కాగితానికి ఒక తప్పు అని నాకు అలవాటైపోయింది. వాళ్లేమో నేను అన్నీ చూస్తాననుకున్నారు; తాతగారైతే నేను దిద్దిన గొట్టమే డిప్యూటీ పెట్టిన తప్పనుకున్నాడు. నా సంతకం మీద ఇంకొకరి కన్ను పడకూడదని నియమం పెట్టినవాణ్ణి నేనే. పడి ఉంటే పట్టుకునేవాళ్లు.

ఆ సోమవారం చీఫ్‌కు పేరు రాసిచ్చాను. డిప్యూటీ పేరు. వంతెన ఆమెది. దాని కింద ఇంకో వాక్యం రాశాను. మెట్లు నిలబడేదాకా నేను ఆమె కింద పనిచేస్తాను.

"మీరా? ఆమె కిందా?" అన్నాడు చీఫ్.

"కుదరదని ఏ రూల్లో ఉంది?"

వెతికాడు. దొరకలేదు.

ఎందుకు ఆమె పేరు అంటావా? ఆరోజు నా సంతకం ఆమెను కాపాడేది. నోరు విప్పకపోతే నిందంతా నా మీదే పడి, వంతెన ఆమెకే వచ్చేది. అయినా లేచి చెప్పింది. అలా చెప్పగలిగినవాళ్ల చేతికి వంతెన ఇవ్వవచ్చు.

నాకు ముందే తెలుసని ఆమెతో చెప్పాను. చేతిలో పెన్ను బల్ల మీద పెట్టింది. తర్వాత, "తెలిసే తిట్టారా సార్ ఇన్నేళ్లూ?" అంది.

"తిట్లు నిజమైనవే."

"మరి నేను నిజంగా ఏడిచాను సార్."

తల ఊపాను. ఇకమీదట కావాలని తప్పులు పెట్టకూడదని, ప్రతి కాగితాన్నీ ఇద్దరు చూడాలని ఆమె మొదటి రూలు పెట్టింది. అందులో ఒకరు నేను.

కార్ఖానాలో మాత్రం నా పద్ధతే నడిచింది. పొద్దున నేనే తాళం తీయించాను. ప్రతి అతుకూ చూశాను. "సార్, మా ఆవిడ ముఖం మర్చిపోయాను, మీ ముఖం కలలోకొస్తోంది" అన్నాడు ఫోర్‌మన్. రానీ. చెప్పిన తేదీకి ముందే మెట్లు తయారయ్యాయి. నేను ఉండబట్టే అయ్యాయి. ఈ మాట ఎవరి ముందైనా అంటాను. నా గుణం పనికిరానిది కాదు. దాని చోటు ఏదో తెలుసుకోవాలి, అంతే.

నిన్న మెట్లు నిలబెట్టాం. క్రేను ఎత్తేటప్పుడు చేత్తో సైగలు చేసేది ఒక్కరే ఉండాలి. ఇన్నేళ్లూ అది నేనే. నిన్న ఆమె. నేను గోదాము గోడ పక్కన నిలబడ్డాను, చేతులు జేబుల్లో పెట్టుకుని. మెట్లు గాలిలో లేచాయి. కుడికి తిరిగాయి. అంతా బాగానే ఉంది. స్తంభం దగ్గరికొచ్చేసరికి నాకు ఒక వైపు కొంచెం వాలినట్టనిపించింది. జేబులోంచి చెయ్యి ఎప్పుడు వచ్చిందో తెలియదు. "ఆపు!" అని అరిచాను. అదే సమయానికి ఆమె దించమని సైగ చేసింది.

క్రేను ఆగిపోయింది. అంత ఇనుమూ మా తలల పైన వేలాడుతోంది. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఇద్దరు చెబితే నేను చెయ్యను సార్. ఎవరి మాట వినాలో తేల్చుకోండి."

అందరూ నాకేసి చూశారు. ఆమె కూడా చూసింది. వాలు ఉందో లేదో మళ్లీ చూద్దామనుకున్నాను. చూడలేదు.

"ఆవిడ మాట" అన్నాను.

ఆమె మెట్లకేసి తిరిగింది. తొందరపడలేదు. ఒకసారి కిందికి వంగి చూసింది, తాడు సరిచేయించింది, చెయ్యి ఎత్తింది. దించారు. బోల్టులు ఒక్క దెబ్బ లేకుండా రంధ్రాల్లోకి దిగాయి.

కాలేజీ తెరిచేలోగా జనం నడుస్తారు. చీఫ్ ఈరోజు కొత్త పని కాగితాలు నా బల్ల మీద పెట్టాడు. రైలు పట్టాల మీద, దీనికన్నా పెద్దది. అది నాది. ఎవరికీ ఇవ్వను. డిప్యూటీగా ఎవరు కావాలని అడిగాడు. "ఆవిడ వస్తుందేమో అడగండి" అన్నాను. "ఒక షరతు మీద" అందట. అదేమిటో రేపు మాట్లాడుకుంటాం.

ఈ మధ్యలో ఒక వారం ఖాళీ ఉంది. శనివారం బస్సుకు వస్తున్నాను. మీ గుర్రాల్ని చూస్తాను. దేన్నీ కొలవను.

ఇట్లు,
బావ